క్రిబేజ్ రివ్యూ: రమ్మీ వచ్చినవాళ్లకి లెక్క ఎక్కడ తేడా కొడుతుంది?

అందరికీ నమస్తే. నెల్లూరు నుంచి ఇంకో రివ్యూ. ఈసారి ఫోన్ కాదు, మిక్సీ కాదు, పేకాట. కెమెరా ముందు పేక పట్టుకున్నానని కంగారు పడకండి, డబ్బులు పెట్టే ఆట గురించి కాదు ఇది. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించారు, ఆ జోలికి మనం పోవట్లేదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒక పేక, పాయింట్లు గుర్తుపెట్టుకోవడానికి బెజ్జాలున్న చెక్క ఒకటి పెట్టుకుని ఆడే ఇంగ్లండ్ ఆట. పేరు క్రిబేజ్. 17వ శతాబ్దంలో సర్ జాన్ సక్లింగ్ అనే కవి దీన్ని తయారు చేశాడని చెబుతారు. చరిత్ర ఇంతే, లెక్కలోకి పోదాం.

నా తీర్పు ముందే చెప్పేస్తా, ఓపిక లేనివాళ్లు విని వెళ్లిపోవచ్చు. ఆటకి పదికి తొమ్మిది. నేర్పించే యాప్‌లకి, డబ్బాలో వచ్చే రూల్స్ కాగితాలకి నాలుగు. ఎందుకంటే వాటిల్లో ఒక్కటి కూడా రమ్మీ ఆడి వచ్చినవాణ్ని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. మన దగ్గర పేక పట్టినవాళ్లలో రమ్మీ రానివాళ్లు ఎంతమంది? పెళ్లి విడిదింట్లో దుప్పటి పరిచారంటే పదమూడు ముక్కలే. ఆ అలవాటే ఇక్కడ అడ్డం పడుతుంది.

రమ్మీలో ఒక ముక్కని ఒకచోట పెట్టామంటే అది ఇక అక్కడికే. ఎనిమిదిని సీక్వెన్స్‌లో వాడితే అదే ఎనిమిది సెట్‌లోకి రాదు. క్రిబేజ్‌లో అట్లా కాదు. ఆ ఎనిమిది సీక్వెన్స్‌లో ఉంటుంది, ఇంకో ఎనిమిదితో జతలో ఉంటుంది, ఏడుతో కలిసి పదిహేను అవుతుంది. అన్నిటికీ విడివిడిగా పాయింట్లు. నాట్ల రోజుల్లో పొద్దున ఒకరి చేలో, మధ్యాహ్నం ఇంకొకరి చేలో పని చేసినట్టు, ముక్క ఎన్ని చోట్ల చెయ్యేస్తే అన్ని కూళ్లు. ఇది బుర్రకెక్కితే సగం ఆట వచ్చినట్టే.

ఆట ఎలా నడుస్తుందో గబగబా చెప్తా. ఆరేసి ముక్కలు పంచుతారు. ఇద్దరూ చెరో రెండు ముక్కలు పక్కన వేస్తారు. ఆ నాలుగు ముక్కలూ క్రిబ్, అది పంచినవాడి సొత్తు. మిగిలిన పేకని కోసి ఒక ముక్క తిప్పుతారు. అది స్టార్టర్, ఇద్దరికీ ఉమ్మడి. అది జాకీ పడితే పంచినవాడికి అప్పటికప్పుడు రెండు పాయింట్లు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు ముక్క దించుతూ, కూడుకుంటూ 31 దాకా పోతారు. అందులో కూడా పాయింట్లు వస్తాయి. అది నాలుగు ఆటలు ఆడితే దానంతటదే వస్తుంది, ఈ వీడియోలో వదిలేస్తున్నా.

అసలు పని ఆ తర్వాతే. ఇందాక దించిన మన నాలుగు ముక్కలు మళ్లీ చేతిలోకి తీసుకుని, స్టార్టర్‌తో కలిపి మొత్తం ఐదు ముక్కల్ని లెక్కపెట్టాలి. పంచనివాడు ముందు లెక్కపెడతాడు, తర్వాత పంచినవాడు తన చెయ్యి, చివర్లో క్రిబ్. ముందు 121 చేరినవాళ్లది గెలుపు. ఈ వరస ఏముందిలే అనుకోకండి. ఇద్దరూ 110 దాటి ఉన్నారనుకోండి, పంచినవాడి చేతిలో ఎంత గొప్ప ముక్కలున్నా ఎదుటివాడు ముందు లెక్కపెట్టుకుని 121కి వెళ్లిపోతే అవి తిప్పి చూపించే అవకాశం కూడా ఉండదు.

ఇప్పుడు దేనికెంత. ఆసు ఒకటి, జాకీ, రాణి, రాజు తలా పది. ముక్కలు కలిపి పదిహేను వచ్చిన ప్రతిసారీ 2. జతకి 2. మూడూ అంతకంటే ఎక్కువ ముక్కలు వరసగా ఉంటే ఎన్ని ముక్కలో అన్ని పాయింట్లు. ఆ వరస ఒకే గుర్తులో ఉండక్కర్లేదు, ఒకటి ఇస్పేటు, ఒకటి కళావరు అయినా పర్వాలేదు. అయితే రాణి, రాజు, ఆసు అని మాత్రం ఇక్కడ చెల్లదు. ఆసు ఎప్పుడూ కిందే. చేతిలో నాలుగూ ఒకే గుర్తయితే 4, స్టార్టర్ కూడా అదే అయితే 5. క్రిబ్‌కి మాత్రం ఐదూ ఒకే గుర్తయితేనే ఇస్తారు. స్టార్టర్ గుర్తే ఉన్న జాకీ చేతిలో ఉంటే 1, దాన్ని నాబ్స్ అంటారు. అంతే, ఇంకేం లేవు.

వినడానికి చిన్న పిల్లల లెక్కలా ఉంది కదా? అందుకే కావలి నుంచి మా మేనమామని పిలిపించా. రమ్మీలో ఆయన డ్రాప్ కొట్టాడంటే మిగతావాళ్లు కూడా ఆలోచనలో పడతారు, అంత పేరు. ఆయన ముందు ఈ ముక్కలు పరిచా: 7, 8, 8, 9. స్టార్టర్ 6. చూశాడు.

"నాలుగు ముక్కల సీక్వెన్స్. ఒక ఎనిమిది దండగ. నాలుగేగా అబ్బాయా?"

"పదహారు మామా."

"ఎక్కడి నుంచి తెచ్చావురా పదహారు?"

ఇదిగో ఇక్కడి నుంచి. నోటితో పైకి లెక్కపెడతా, మీరూ నాతో అనండి. ఆరు, తొమ్మిది: పదిహేనుకి రెండు. ఏడుతో మొదటి ఎనిమిది: పదిహేనుకి నాలుగు. ఏడుతో రెండో ఎనిమిది: పదిహేనుకి ఆరు. ఎనిమిదుల జతతో ఎనిమిది. ఆరు, ఏడు, మొదటి ఎనిమిది, తొమ్మిది, ఆ వరసకి నాలుగు, మొత్తం పన్నెండు. అదే వరస రెండో ఎనిమిదితో ఇంకోసారి, పదహారు.

గమనించారా? విడివిడిగా కూడుకుని చివర్లో మొత్తం వెయ్యలేదు. ప్రతి అడుగులో అప్పటిదాకా వచ్చిన మొత్తమే పైకి చెప్పుకుంటూ పోయా. ఇంగ్లండ్ వాళ్లు కూడా ఇట్లాగే అంటారు. ఇందులో ఇంకో లాభం, ఎదుటివాడు వింటూ ఉంటాడు, మీరు ఎక్కడ ఏది కలిపారో వాడికీ తెలుస్తుంది. వరస కూడా మార్చొద్దు: ముందు పదిహేనులు, తర్వాత జతలు, తర్వాత వరసలు, చివర్లో గుర్తు, నాబ్స్. రోజుకో వరసలో లెక్కపెట్టేవాళ్లకి రోజూ ఏదో ఒకటి జారిపోతుంది.

జారేది ఎక్కువగా పదిహేనుల్లోనే. రెండు ముక్కల పదిహేను ఎవరికైనా కనపడుతుంది. మూడు ముక్కలది దాక్కుంటుంది. ఇది చూడండి: జాకీ, రాజు, 2, 3, స్టార్టర్ 5. జాకీతో ఐదు: పదిహేనుకి రెండు, రాజుతో ఐదు: పదిహేనుకి నాలుగు. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. కానీ 2, 3 కలిస్తే అదీ ఐదే కదా! జాకీతో ఆ రెండూ: పదిహేనుకి ఆరు, రాజుతో ఆ రెండూ: పదిహేనుకి ఎనిమిది. పాయింట్లు రెట్టింపు అయ్యాయి. అందుకే చేతిలో బొమ్మ ముక్క ఉంటే ఐదుని మాత్రమే వెతకొద్దు, ఐదయ్యే జంటల్ని కూడా వెతకాలి: రెండు మూడు, ఆసు నాలుగు.

ఇంకోటి, నాకు బాగా నచ్చినది. 7, 7, 7, 8, స్టార్టర్ ఆసు. మామ దీనికి "సెట్ ఉంది" అన్నాడు, అంతవరకు కరెక్టే. మూడు ఏడుల్లో మూడు జతలున్నాయి, కాబట్టి సెట్‌కి ఆరు. ఒక్కో ఏడు ఎనిమిదితో కలిసి పదిహేను, మూడుసార్లు, ఇంకో ఆరు. ఇక ఆసు. రమ్మీ కళ్లకి ఈ ఆసు పనికిరాని ముక్క. కానీ ఏడు, ఏడు, ఆసు కలిపితే పదిహేను! మూడు ఏడుల్లో రెండేసి తీస్తే మూడు రకాలు, ఇంకో ఆరు. మొత్తం పద్దెనిమిది. మామ చొక్కా జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

సున్నా కూడా వస్తుంది. 2, 4, 6, 8, రాణి. అన్నీ సరి సంఖ్యలే, సరి సంఖ్యల్ని ఎన్ని కలిపినా పదిహేను రాదు. జత లేదు, వరస లేదు. ఇట్లాంటి చెయ్యి వస్తే క్రిబేజ్ ఆడేవాళ్లు "నా చెయ్యి పంతొమ్మిది" అంటారు. ఎందుకంటే ఈ లెక్కలో పంతొమ్మిది రావడం అసాధ్యం. 25, 26, 27 కూడా రావు. ఎవరైనా మీతో ఆడుతూ పంతొమ్మిది అని రాసుకుంటే, ముక్కలు కలపకముందే చెయ్యి పట్టుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ 29. చేతిలో మూడు ఐదులు, ఒక జాకీ, తిప్పిన స్టార్టర్ నాలుగో ఐదు, అదీ జాకీ గుర్తుదే కావాలి. జాకీతో ఒక్కో ఐదు, నాలుగు పదిహేనులు, ఎనిమిది. మూడేసి ఐదులు కలిపితే ఇంకో నాలుగు పదిహేనులు, పదహారు. నాలుగు ఐదుల్లో ఆరు జతలు, ఇరవై ఎనిమిది. నాబ్స్ ఒకటి, ఇరవై తొమ్మిది. ఇద్దరు ఆడేటప్పుడు ఇది పడే అవకాశం 2,16,580లో ఒకటి. 1943లో వాహూ అనే అమెరికా జలాంతర్గామిలో డిక్ ఓకేన్ అనే అధికారికి పడింది. ఆయన పేరుతో ఉన్న క్రిబేజ్ బోర్డుని పసిఫిక్‌లోని అమెరికా జలాంతర్గాముల్లో ఏది పాతదైతే దాంట్లో ఉంచుతూ వస్తున్నారు. యుద్ధ నౌకలో పేకాట బోర్డుకి అంత మర్యాద!

ఇప్పుడు యాప్‌ల సంగతి. నేను చూసినవాటిల్లో చాలావరకు చేసే పని ఒకటే, ముక్కలు తిప్పగానే మొత్తం ఎంతో అదే చూపించేస్తుంది. పదహారు అని పెద్ద అక్షరాలతో మెరుస్తుంది, ఎక్కడి నుంచి వచ్చిందో చూసేలోపు తర్వాతి ఆట పంచేస్తుంది. అట్లా ఆరు నెలలు ఆడినా లెక్క రాదు. కొన్నింటిలో మనమే లెక్కపెట్టే సెట్టింగ్ ఉంటుంది, వెతికి అది పెట్టుకోండి. మగిన్స్ అనే ఇంకో సెట్టింగ్ కూడా ఉంటే మొదట్లో వద్దు. మనం వదిలేసిన పాయింట్లు ఎదుటివాడు పట్టుకుని తనకి రాసుకునే రూల్ అది. మామకి ఈ రూల్ చెప్పాక ఆయన తన ముక్కల కన్నా నా ముక్కలే ఎక్కువ చూస్తున్నాడు.

షార్ట్‌కట్లు కూడా ముందే నేర్పిస్తారు, అది నాకు నచ్చలేదు. మూడు ముక్కల వరసలో ఒకటి జతయితే 8, నాలుగు ముక్కల వరసలో జతయితే 10, మూడు ముక్కల వరసలో ఒకటి మూడుసార్లుంటే 15, రెండు జతలుంటే 16. బట్టీ పట్టొచ్చు. కానీ ఈ అంకెల్లో పదిహేనుల లెక్క లేదు, అది మళ్లీ కలపాలి. 4, 4, 5, 5, 6 తీసుకోండి. షార్ట్‌కట్‌తో 16 అని ఆగిపోయేవాళ్లున్నారు. నాలుగు, ఐదు, ఆరు కలిస్తే పదిహేను, అది నాలుగు రకాలుగా వస్తుంది, ఇంకో ఎనిమిది. అసలు విలువ 24. చేత్తో ముక్కలు జరుపుతూ లెక్కపెట్టడం వచ్చాకే షార్ట్‌కట్.

లెక్క వచ్చిందంటే క్రిబ్‌లోకి ఏది వెయ్యాలో కూడా తెలుస్తుంది. పేకలో 52కి 16 ముక్కలు పది విలువవే, అందుకే ఎదుటివాడి క్రిబ్‌లోకి ఐదు వేశామంటే మన చేత్తో మనమే దానం చేసినట్టు.

చివరిగా బోర్డు. మొదట ఆన్‌లైన్‌లో ఒక మడత ప్లాస్టిక్ బోర్డు తెప్పించా. పుల్లలు బెజ్జాల్లో నిలబడవు, ఫ్యాన్ వేస్తే స్కోరు మారిపోతుంది. ఎవరికీ చెప్పను ఆ బోర్డు కొనమని. తర్వాత ఉదయగిరిలో చేయించా. చెక్క గరిటెలు, చెంచాలు చేసే ఊరు కదా, కాగితం మీద గీసి ఇచ్చా, ఇదిగో చూడండి, ఒక్కొక్కరికి 120 బెజ్జాలు, చివర్లో ఒకటి. ఇంటికి తెస్తే మా అమ్మమ్మ వామనగుంటల పీటకి ఇన్ని చిన్న గుంటలేంటని అడిగింది. ఒక్కొక్కరికి రెండు పుల్లలు. వెనక పుల్లని తీసి ముందుదాన్ని దాటించి పెడతాం, కాబట్టి ఇంతకుముందు ఎక్కడున్నామో, ఇప్పుడు ఎంత కలిసిందో రెండూ కనపడుతూనే ఉంటాయి. గొడవకి తావు లేదు.

అయినా కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బోర్డు కొనొద్దు. అటకమీద మార్కాపురం పలక ఏదైనా ఉంటే దించండి, ఒక బలపం చాలు. బోర్డుకి డబ్బులు లెక్క వచ్చాక ఖర్చు పెట్టుకోవచ్చు. ట్రంకు రోడ్డులో దొరికే మామూలు పేకతోనే ఇదంతా నడుస్తుంది, జోకర్లు తీసి పక్కన పెట్టుకోండి. మామకి అదొక్కటే బాధ, జోకర్ లేని ఆట ఏం ఆట అని.

మీకో చెయ్యి ఇచ్చి వెళ్తున్నా. 3, 3, 6, 9, స్టార్టర్ 6. పైకి లెక్కపెట్టి ఎంతో కింద రాయండి. పన్నెండు వచ్చినవాళ్లు ఆ మూళ్లని ఇంకోసారి చూసుకోండి.