గుల్చేరు ఎక్కడో లేదు, మన గువ్వలచెరువే అది

అందరికీ నమస్తే. మైనింగ్ డిప్లొమా, బీఎస్సీ జియాలజీ చదివే తమ్ముళ్లు ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది, "అన్నా ఈ టర్మ్స్ నోరు తిరగట్లేదు, బట్టీ కొడుతున్నాం" అని. నేనూ అట్లాగే చదివాను. గుల్చేరు క్వార్ట్‌జైట్, గుల్చేరు క్వార్ట్‌జైట్ అని ఒక రాతి పొర పేరు రాత్రంతా వల్లె వేసినోణ్ణి, అది ఏ దేశంలో ఉందో కూడా తెలీదు నాకప్పుడు. తర్వాత ఫీల్డ్ ట్రిప్‌లో మా సార్ బస్సు ఆపించి దిగండిరా ఇదే గుల్చేరు అన్నారు, చూస్తే కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్! చిన్నప్పటి నుంచి పాలకోవా కోసం ఆగే ఊరే. ఇంగ్లీషోళ్ల నోట్లో పడి గువ్వలచెరువు కాస్తా గుల్చేరు అయిపోయింది, ఆ రోజు నాకు నిజంగా బాధేసింది.

సంగతేంటంటే, రాతి పొరలకి పేరు పెట్టడానికి జియాలజీలో ఒక పద్ధతుంది. ఒక పొర ఏ ఊరి దగ్గర బాగా కనిపిస్తే ఆ ఊరి పేరు, దాని పక్కన ఆ రాయి పేరు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన విలియం కింగ్ మన కడప, కర్నూలు రాళ్ల మీద 1872లో పెద్ద రిపోర్టే రాశాడు, అప్పటి నుంచీ మన ఊళ్లే టెక్నికల్ టర్మ్స్. కర్నూలు గ్రూప్, అంటే ఒకదాని మీద ఒకటి పేరుకున్న పొరల వరస, కింద నుంచి పైకి చెప్తా వినండి, బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. ఆర్టీసీ కండక్టర్ అరిచినట్టు లేదూ? పుస్తకంలో ఓక్ షేల్ (షేల్ అంటే బురద గట్టిపడి అయిన పలకల రాయి) అని ఉంటుంది చూడండి, ఆ ఓక్ మన అవుకే.

సరే, ఘాట్ దగ్గరికొద్దాం. అక్కడ కింద ఉండేది గ్రానైట్, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. దాని మీద గోడ కట్టినట్టు నిలబడింది క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుకే, గట్టిపడి గట్టిపడి సుత్తితో కొడితే ఖంగుమనే రాయైంది. ఈ రెండూ కలిసే గీతనే అన్‌కన్ఫర్మిటీ అంటారు, అంటే మధ్యలో కోట్ల ఏళ్ల లెక్క గల్లంతు, ఆ కాలం రాయి అక్కడ లేదు. తిరుమల ఘాట్ రోడ్డులో కూడా ఇట్లాంటిదే ఉంది, దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు కూడా.

ఆ రోజు నేను ఒక పలక మీద చెయ్యి పెట్టి చూశా, వేళ్ల కింద వరసగా గట్లు గట్లుగా తగిలాయి, ఏటి ఒడ్డున తడి ఇసుక మీద నీళ్లు గీసినట్టే. వాటినే రిపుల్ మార్క్స్ అంటారు. ఈ రాళ్లకి పైనుండే పొరల్లోకి చొచ్చుకొచ్చిన పులివెందుల సిల్ (సిల్ అంటే కరిగిన రాయి పొరల మధ్యలోకి దూరి గట్టిపడింది) వయసే దాదాపు 188 కోట్ల ఏళ్లు, అంటే నా వేళ్లకి తగిలిన ఆ అలలు అంతకంటే పాతవి! అప్పటికి చేప లేదు, చెట్టు లేదు, మనిషి సంగతి సరేసరి.

గుల్చేరు మీద వచ్చే పొర వేంపల్లె ఫార్మేషన్. తుమ్మలపల్లె యురేనియం గని ఉంది కదా, ఆ ఖనిజం ఉన్నది ఈ వేంపల్లె డోలమైట్ (సున్నపురాయి లాంటి రాయి) పొరలోనే. ఖనిజాన్ని కడుపులో పెట్టుకున్న రాయిని హోస్ట్ రాక్ అంటారు. ఆ పొర ఎటు వాలుతుందో, అదే డిప్, గని కూడా దాన్ని పట్టుకునే లోపలికి దిగుతుంది, అందుకే మైనింగ్ వాళ్లు పొర పేరు ముందు కనుక్కుంటారు.

గువ్వలచెరువు పోతే మలుపుల్లో మాత్రం బండి ఆపొద్దు, లారీలు ఎక్కువ, ఊళ్లో పెట్టి నడవండి. పరీక్షలో గుల్చేరు అనే రాయండి, కాకపోతే పక్కన బ్రాకెట్లో గువ్వలచెరువు అని కూడా రాయండి, నేను ఇప్పుడు నా నోట్స్ అన్నిట్లో అట్లాగే రాసుకుంటున్నా.