ఎన్ని పతకాలు తెచ్చావు?
(జాతీయ క్రీడా దినోత్సవం నాడు ఒక వ్యాయామ విద్యా కళాశాలలో రిటైర్డ్ అథ్లెటిక్స్ కోచ్ చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలందరికీ నమస్కారం. పేర్ల చీటీ ఇచ్చారు కానీ అది చాంతాడంత ఉంది. చదివితే నాకిచ్చిన టైమంతా దానికే సరిపోతుంది, మన్నించాలి.

ఇవాళ ఆగస్టు 29, ధ్యాన్‌చంద్ పుట్టినరోజు. కోచ్‌ ఉద్యోగంలో అవకాశాల గురించి మాట్లాడమన్నారు. అవి రెండు ముక్కల్లో అయిపోతాయి. మీ వ్యాయామ విద్య డిగ్రీ బీపీఈడీతో డీఎస్సీ రాస్తే బడిలో వ్యాయామ టీచరు ఉద్యోగం వస్తుంది. మంచిదే, కానీ అది కోచ్ పని కాదు. పీఈటీ బడి మొత్తాన్ని ఆడిస్తాడు. కోచ్ ఒకే ఆటను పట్టుకుని, కొద్దిమంది పిల్లలతో ఏళ్ల తరబడి వేగుతాడు. అందుకు పటియాలాలో కోచ్‌లను తయారుచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఎస్ ఉంది, 1961 నుంచీ నడుస్తోంది. అక్కడ ఏడాది డిప్లొమా చెయ్యండి. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సుతో సరిపెట్టుకోకండి. ఆ తర్వాత ఉద్యోగమంటారా, చాలామందికి కాంట్రాక్టే.

అసలు నేను చెప్పాలనుకున్నది ఆ కాంట్రాక్టు గురించే. రెన్యువల్‌కి వెళితే అడిగేది ఒక్కటే: ఎన్ని పతకాలు తెచ్చావు? అవి ఎవరి పతకాలు? పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలవి. ఆ వయసులో ముందు ఎదిగిన పిల్ల గెలుస్తుంది. ఆలస్యంగా ఎదిగే పిల్ల వెనకబడుతుంది, అంతమాత్రాన ఆమెలో సత్తా లేదని కాదు. కానీ మార్చిలో కాంట్రాక్టు అయిపోయేవాడు ఆమె ఎదిగేదాకా ఆగుతాడా? పిల్లల చేత మోతాదుకి మించి పరుగులు తీయిస్తాడు. లేదంటే పుట్టినతేదీ దిద్దించి, తక్కువ వయసువాళ్ల పోటీల్లో దింపుతాడు.

నా దగ్గర ఒక పిల్ల 400 మీటర్లు పరిగెత్తేది. వాళ్ల నాన్న ఆటో నడిపేవాడు. ఒకరోజు రెండేళ్లు తగ్గించిన సర్టిఫికెట్ పట్టుకొచ్చి, "సార్, మీరొక్క సంతకం పెడితే చాలు" అన్నాడు. చెడ్డవాడేం కాదు. పతకం ఉంటే స్పోర్ట్స్ కోటాలో సీటొస్తుందని ఎవరో చెప్పారు, అంతే. పెట్టనన్నాను. పిల్లను వేరే గ్రౌండ్‌కి తీసుకుపోయాడు. అక్కడ ఆమెకు పతకమూ వచ్చింది. తర్వాతి పోటీల్లో మణికట్టుకి ఎక్స్‌రే తీశారు. ఎముకల్లో అసలు వయసు బయటపడింది, ఇంటికి పంపేశారు. తండ్రి మళ్లీ నా దగ్గరికొచ్చాడు. పిల్ల మాత్రం ఏ గ్రౌండ్‌కీ రాలేదు.

వినండి, అసలు సంగతి ఇంకా ఉంది. ఆ పిల్లకు పతకం వచ్చిన ఏడాది నా రెన్యువల్ అప్పుడు పై అధికారి ఏమడిగాడో తెలుసా? "ఆ అమ్మాయి మొదట మీ దగ్గరే ఉండేదట కదా, ఎందుకు వదులుకున్నారు?" అని!

మన హైదరాబాద్ రహీమ్ సాబ్ బడిపంతులు. ఆయన కోచ్‌గా ఉండగానే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ స్వర్ణం గెలిచింది. అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలని ఆయన కుర్రాళ్లకు పోటీలు పెట్టేవారని చెప్పుకుంటారు. దానివల్ల వచ్చే నెలలో పతకం రాదు, ఎప్పటికో పనికొస్తుంది. ఆయన్నీ పదకొండు నెలల కాంట్రాక్టులో పెట్టి ఉంటే ఆ పోటీలు పెట్టనిచ్చేవాళ్లా? 1963లో క్యాన్సర్‌తో పోయారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో.

ప్రిన్సిపాల్ గారు వాచీ చూస్తున్నారు. ఒక్క నిమిషం సార్. వేదిక మీద అధికారులున్నారు కాబట్టి వాళ్లనే అడుగుతున్నాను. పతకాలతో పాటు హాజరు రిజిస్టర్లు కూడా తెప్పించుకోండి. మూడేళ్ల కిందట చేరిన పిల్లల్లో ఇప్పటికీ ఎంతమంది గ్రౌండ్‌కి వస్తున్నారో లెక్కపెట్టండి. ఆ లెక్క మీద రెన్యువల్ చెయ్యండి. పైసా ఖర్చుండదు. బాబూ, అమ్మా, మీరూ ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు జీతం ఎంతని అడిగే ముందు రెన్యువల్ దేని మీద చేస్తారని అడగండి. మొహమాటపడకండి.

మిగతాది గ్రౌండ్‌లో మాట్లాడుకుందాం. నాలుగింటికి రండి, స్టాప్‌వాచ్ పట్టడం చూపిస్తాను. స్టార్టర్ తుపాకీ పొగ చూసి నొక్కాలి, చప్పుడు విని కాదు. వంద మీటర్ల అవతల ఫినిష్ దగ్గరున్న మీకు ఆ చప్పుడు చేరేసరికి దాదాపు 0.3 సెకన్లు గడిచిపోతాయి. పిల్ల టైము ఆ మేరకు తగ్గి కనిపిస్తుంది, మీరేమో సంబరపడిపోతారు. బూట్లు వేసుకుని రండి, చెప్పులతో వస్తే ట్రాక్ మీదికి రానివ్వను.