మా చిన్న ఊరి హోటళ్ల గురించి, ఉన్నది ఉన్నట్టుగా

నమస్కారం. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రానికి వాయవ్య మూలన ఉన్న బెంటన్‌విల్‌లో మా కాపురం. 2020 జనాభా లెక్కల ప్రకారం ఈ ఊళ్లో ఉన్నది సుమారు 54 వేల మంది, అంటే మా తెనాలిలో మూడోవంతు. అయినా వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉండడం వల్ల, ఆ సంస్థలోనూ, దానికి సరుకులూ సాంకేతిక సేవలూ అందించే సంస్థలలోనూ పనిచేయడానికి వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవారు అద్దె ఇల్లు, పిల్లల బడి గురించి అడిగిన వెంటనే అడిగేది హోటళ్ల గురించే. అందుకే ఈ రోజు వీడియోలో మా ఊళ్లోనూ, పక్కనే ఉన్న స్ప్రింగ్‌డేల్, టాంటీటౌన్‌లలోనూ ఏది తినవచ్చో, ఏది తినకపోయినా పరవాలేదో దాపరికం లేకుండా చెప్పదలుచుకున్నాను.

చిన్న ఊళ్లో ఈ పని తేలిక కాదు. డాలస్‌లో ఒక హోటల్ గురించి మాట్లాడితే ఆ యజమాని మనకు మళ్లీ ఎదురుపడకపోవచ్చు. ఇక్కడ మాత్రం ఆయన శనివారం గుడిలో కనిపిస్తారు, వారి పాప మన పాప తరగతిలోనే చదువుతూ ఉంటుంది, ఉగాది సంబరాలకు భోజనాలు పంపేదీ ఆయనే. ఉన్నమాట అంటే ఉలుకెక్కువ అన్నారు పెద్దలు. ఆ ఉలుకు చూడడానికి ఇష్టపడక, వాట్సాప్ గ్రూపులో అందరూ "చాలా బాగుంది" అని రాస్తారు, ఇంట్లో మాత్రం పెదవి విరుస్తారు. ఆ తరువాత పెళ్లిబట్టలు కొనే వంకతో అయిదు గంటలు కారు నడుపుకుంటూ డాలస్ వెళ్లి, అక్కడ బిర్యానీ తిని వస్తారు. దీని వల్ల నష్టపోయేది ఎవరు? లోపం ఎక్కడ ఉందో తెలియకుండానే ఖాతాదారులను పోగొట్టుకుంటున్న ఆ యజమానే. మౌనాన్ని మర్యాద అనుకోవడం నాకు సమ్మతం కాదు.

మాటకు ఎంత బరువు ఉంటుందో కూడా తెలుసుకుని మాట్లాడాలి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైకేల్ లూకా 2011లో సియాటిల్ నగరపు హోటళ్లను పరిశీలించి, హోటళ్లకు నక్షత్రాలతో అభిప్రాయాలు రాసే యెల్ప్ వెబ్‌సైట్‌లో ఒక నక్షత్రం పెరిగితే ఆదాయం అయిదు నుంచి తొమ్మిది శాతం దాకా పెరుగుతోందని లెక్కగట్టారు. ఆ ప్రభావం సొంతంగా నడిపే హోటళ్ల మీదే కనిపించింది, ఒకే పేరుతో అనేక ఊళ్లలో నడిచే గొలుసు హోటళ్ల మీద కనిపించలేదు. అంటే మనం కోపంతో ఒకటి నొక్కినా, మొహమాటంతో అయిదు నొక్కినా ఆ దెబ్బ తగిలేది పెద్ద కంపెనీలకు కాదు, భార్యాభర్తలు కలిసి వంటగదిలో నిలబడి నడుపుకునే చిన్న హోటల్‌కు. అందుకే నేను నక్షత్రాలు ఇవ్వను. ఏ వంటకం, ఏ రోజు, ఏ వేళ తిన్నానో చెప్పి, దాని మీద మాత్రమే మాట్లాడతాను. బిల్లు మేమే కడతాము. ఉచితంగా భోజనం పెడితే ఆ సంగతి చూసేవారికి స్పష్టంగా చెప్పాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం. ఆ నియమం లేకపోయినా ఊరకే తిన్న అన్నం గురించి నిష్పక్షపాతంగా మాట్లాడడం నా వల్ల కాదు. ఖాతాదారుడు నిజాయతీగా చెప్పిన అభిప్రాయాన్ని ఒప్పందపత్రాలలో షరతులు పెట్టి అడ్డుకోకూడదని 2016లో ఇక్కడ చట్టం కూడా వచ్చింది. కాబట్టి మాట్లాడడానికి భయపడవలసిన పని లేదు, చూసి మాట్లాడవలసిన బాధ్యత మాత్రం ఉంది.

ముందుగా మన భారతీయ హోటళ్ల సంగతి చెబుతాను. వీటిలో బాగాలేదని చెప్పే వంటకాల విషయంలో బోర్డు తెర మీద చూపించలేదు. ఉన్నవే కొన్ని కాబట్టి కొందరు పోల్చుకోవచ్చు, కానీ నా ఉద్దేశం ఒక హోటల్‌ను వేలెత్తి చూపడం కాదు, ఇటువంటి ఊళ్లలో ఏ లోపాలు ఎందుకు వస్తాయో చెప్పడం.

అందరూ మొదట అడిగేది బిర్యానీ గురించే. మసాలా పట్టించిన పచ్చి మాంసం అడుగున పరిచి, సగానికి పైగా ఉడికిన బియ్యం పైన వేసి, మూత అంచుకు పిండి పెట్టి సన్నని సెగ మీద మగ్గించడం దమ్ బిర్యానీ పద్ధతి. వారం మధ్యలో ఎంతమంది వస్తారో తెలియని చిన్న ఊరి హోటల్‌కు అంత పెద్ద గుండిగ దించడం భారం. అందువల్ల సోమవారం నుంచి గురువారం దాకా చాలాచోట్ల విడిగా వండిన బాస్మతి అన్నానికి విడిగా వండిన కూర కలిపి ఇస్తున్నారు. మెతుకును నోట్లో పెట్టుకుని చూడండి. లోపలిదాకా ఉప్పు, మాంసం రసం దిగి ఉంటే అది దమ్ అయినట్టే. మెతుకు చప్పగా ఉండి పైన మాత్రం మసాలా అంటుకుని ఉంటే అది కలిపిన అన్నమే. శుక్రవారం సాయంత్రం, శనివారం మధ్యాహ్నం ఇక్కడి బిర్యానీ నిజంగా బాగుంటుంది, ఎందుకంటే గుండిగ దించిన గంటలోనే ఖాళీ అయిపోతుంది. అదే హోటల్‌లో మంగళవారం రాత్రి బిర్యానీ చెప్పి నిరాశపడి వచ్చి, ఆ హోటలే దండగ అనడం న్యాయం కాదు. ఆ రోజు చేపల పులుసూ తెల్లన్నమూ అడగండి, తృప్తిగా తిని వస్తారు.

మటన్ గురించి మరొక మాట చెప్పాలి. అమెరికాకు దిగుమతి అయ్యే మేకమాంసంలో అత్యధిక భాగం ఆస్ట్రేలియా నుంచి గడ్డకట్టిన రూపంలో వస్తుంది. గడ్డకట్టిన మాంసాన్ని రంపపు యంత్రంతో ఘనాలుగా కోయడం వల్ల ఎముక ముక్కలైపోయి, సన్నని పెచ్చులు కూరలో కలుస్తాయి. పిల్లలకు పెట్టేటప్పుడు తప్పకుండా చేత్తో నలిపి చూసి పెట్టండి. ఇది వంటవాడి నిర్లక్ష్యం కాదు, కానీ రెండుసార్లు కడిగి, పెచ్చులు ఏరి వండే హోటల్‌కు నా దృష్టిలో ఎక్కువ గౌరవం ఉంది, అటువంటిది ఇక్కడ ఒకటి ఉంది.

కారం విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఆర్డరు తీసుకునేటప్పుడు మైల్డా, మీడియమా, స్పైసీయా అని అడుగుతారు. స్థానికులూ తినాలి కాబట్టి ఉల్లి, టమాటా, జీడిపప్పులతో ముందే వండిపెట్టుకున్న గ్రేవీలో కారం తక్కువగా ఉంటుంది. మనం స్పైసీ అనగానే చివరి నిమిషంలో అందులో కారప్పొడి గుమ్మరిస్తారు. నూనెలో వేగని ఆ కారం పచ్చివాసన వేస్తుంది, గొంతు మండిస్తుంది, రుచి మాత్రం పెంచదు. మీడియం చెప్పి, పక్కన నాలుగు వేయించిన పచ్చిమిర్చి అడగడం మేలు. గోంగూర, పాలకూర, వెన్న కూరలన్నీ ఒకే రుచిగా ఎందుకు ఉన్నాయని ఆశ్చర్యపడే వారికి కూడా సమాధానం ఆ ఒక్క గ్రేవీలోనే ఉంది. గోంగూర మాంసానికి ఆ జీడిపప్పు తియ్యదనం అసలు పొసగదు. ఈ ఒక్క కూరకైనా ఆకును విడిగా మగ్గించి చేయమని యజమానులందరినీ మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

ఆదివారం బఫే విషయంలో వేళ చాలా ముఖ్యం. వేడి పదార్థాలను 135 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే 57 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా ఉంచాలని ఇక్కడి ఆహార నియమావళి చెబుతుంది. ఒకచోట మధ్యాహ్నం రెండున్నరకు వెళ్లినప్పుడు పప్పు గోరువెచ్చగా ఉంది, పెరుగన్నం పుల్లబడింది. ఆ సంగతి అక్కడ ఉన్న కుర్రవాడికి చెబితే వెంటనే రెండూ తీసేసి కొత్తవి పెట్టాడు. తలుపు తీసిన అరగంటలోపు వెళితే అదే బఫేలో వంకాయ కూర, మిరియాల చారు ఇంటి వంటకు దీటుగా ఉంటాయి. వంటగది శుభ్రత గురించి అనుమానం ఉన్నవారు పుకార్లను నమ్మనక్కరలేదు, రాష్ట్ర ఆరోగ్యశాఖ తనిఖీ నివేదికలు ఎవరైనా చూడవచ్చు.

దోసెలకు మాత్రం కాలంతో సంబంధం ఉంది. మా ప్రాంతంలోని ఓజార్క్ కొండల చలికి జనవరిలో పిండి సరిగా పులియదు, దోసె తెల్లగా, బిరుసుగా వస్తుంది. మే నుంచి సెప్టెంబరు దాకా తినండి, అంచు ఎర్రగా కాలి, నడుమ మెత్తగా వచ్చే దోసె ఈ ఊళ్లోనే దొరుకుతుంది.

నాకు బాగా నచ్చిన ఒక హోటల్‌లో బిర్యానీ రుచి ఉన్నట్టుండి తగ్గిపోయింది. బిల్లు కట్టేటప్పుడు, "అన్నయ్యా, మీ పులుసుకు వంక పెట్టలేము కానీ, ఈ మధ్య బిర్యానీలో ముక్కకు ఉప్పు పట్టడం లేదు" అని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "మీరైనా చెప్పారు చెల్లెమ్మా. అందరూ బాగుందనే అంటారు, మళ్లీ రారు. దమ్ చేసే మాస్టరు వేరే రాష్ట్రానికి వెళ్లిపోయాడు, ఇప్పుడు చేస్తున్నది నేనే" అన్నారు. మా అత్తగారు మాంసాన్ని రాత్రంతా పెరుగులో నానబెట్టే పద్ధతి అప్పుడే చెప్పాను, ఆయన కాగితం మీద రాసుకున్నారు. ఇప్పుడు అక్కడి బిర్యానీ పాత స్థాయికి దాదాపు చేరింది. ఎదురుగా చెప్పగలిగిన మాటను ముందు ఎదురుగానే చెప్పాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

వంట నచ్చకపోతే టిప్పు తగ్గించే అలవాటు మనవాళ్లలో కొందరికి ఉంది, అది తగదు. ఆర్కన్సాలో కనీస వేతనం గంటకు 11 డాలర్లు అయినా, టిప్పులు అందుకునే పనివారికి యజమాని నేరుగా 2.63 డాలర్లు ఇస్తే చాలు, మిగతాది టిప్పులతో నిండాలి. నిండకపోతే ఆ లోటు యజమాని పూడ్చాలని చట్టం ఉంది కానీ, కనీసానికి మించి మనకు వడ్డించే అమ్మాయి చేతికి వచ్చేదంతా మన బల్ల మీదనుంచే వస్తుంది. ఉప్పు తక్కువైన కూరకు వడ్డించిన మనిషి జరిమానా కట్టకూడదు.

ఇక ఇక్కడివారి వంటల గురించి. ఏళ్లుగా ఇక్కడ ఉండి ఒక్కసారి కూడా వాటిని రుచి చూడని తెలుగువారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించిన క్యాట్‌ఫిష్ ఈ రాష్ట్రపు సొంత వంట. ముల్లు తీసిన ముక్క లోపల తెల్లగా మెత్తగా ఉంటుంది, నిమ్మరసం పిండుకుంటే పసుపు, కారం లేని లోటు తెలియదు. అయితే పొయ్యి మీదనుంచి దిగిన వెంటనే తినాలి, ఇంటికి కట్టించుకుని వస్తే పైపొర మెత్తబడి నూనె పీలుస్తుంది. ఉదయం ఫలహారానికి వేడి బిస్కెట్ల (ఇక్కడ బిస్కెట్ అంటే మెత్తని చిన్న రొట్టె) మీద కోకో, పంచదార, పాలు, పిండి కలిపి కాచిన చాక్లెట్ గ్రేవీ పోసి ఇస్తారు. పిల్లలకు అది పండుగే, పెద్దలకు నాలుగు చెంచాలు చాలు.

స్ప్రింగ్‌డేల్‌లో కోడిమాంసం అమ్మే టైసన్ సంస్థ ప్రధాన కార్యాలయం ఉంది, చుట్టూ కోళ్ల పరిశ్రమ విస్తరించి ఉంది. ఆ పరిశ్రమలో పనిచేయడానికి వచ్చిన మెక్సికో, మధ్య అమెరికా కుటుంబాల వల్ల అక్కడి టాకో (చిన్న రొట్టెలో మాంసం పెట్టి మడిచి ఇచ్చే మెక్సికో వంటకం) బండ్లు నిజమైన రుచితో నడుస్తున్నాయి. కాల్చిన మిరపకాయ, టమాటా నూరి చేసే వారి సల్సా మన రోటిపచ్చడికి అక్కచెల్లెలు. నా అభిప్రాయంలో ఈ ప్రాంతంలో ఖర్చుకు తగిన రుచి అన్నిటికన్నా ఎక్కువగా దొరికేది ఆ బండ్ల దగ్గరే, బెంటన్‌విల్ నడిబొడ్డున ఉన్న ఖరీదైన హోటళ్లలో కాదు. 2011లో క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే కళల మ్యూజియం తెరిచిన తరువాత సందర్శకులు పెరిగి, నడిబొడ్డున అందమైన హోటళ్లు వెలిశాయి. వాటిలో వడ్డన, అలంకరణ మెచ్చుకోదగినవే కానీ, నలుగురున్న కుటుంబం ఆకలి తీర్చుకోవడానికి వెళ్లే చోట్లు కావు. పెళ్లిరోజుకు ఇద్దరే వెళ్లండి.

శాకాహారులు మాత్రం మాంసం కనిపించడం లేదు కదా అని ఏదీ తినవద్దు. దక్షిణాది పద్ధతిలో ఉడికించిన చిక్కుళ్లలో పందిమాంసం ముక్క వేస్తారు, మెక్సికన్ హోటళ్లలో చిక్కుడుగింజల ముద్దను పందికొవ్వుతో వేయించవచ్చు, టమాటా వేసి చేసే ఎర్రన్నాన్ని కోడి రసంతో వండవచ్చు. "వెజిటేరియనా?" అని అడిగితే చాలామంది అవుననే అంటారు. "లార్డ్ వాడారా, చికెన్ బ్రాత్ పోశారా, బేకన్ వేశారా?" అని పేరుపేరునా అడగండి, వారు విసుక్కోరు, లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి చెబుతారు.

టాంటీటౌన్ గురించి ఎంత చెప్పినా నాకు తృప్తి ఉండదు. ఆగ్నేయ ఆర్కన్సా పత్తి తోటలలో మలేరియాతో అల్లాడిన ఇటలీ వలస కుటుంబాలను 1898లో పియెట్రో బాండీనీ అనే మతాచార్యుడు ఈ కొండప్రాంతానికి తీసుకువచ్చి ఆ ఊరు కట్టించాడు. వారు ద్రాక్ష వేశారు, తమ స్పగెట్టీకి ఇక్కడి వేపుడు కోడిని జతచేశారు. ఈ రెండూ ఒకే పళ్లెంలో వడ్డించడం నేటికీ అక్కడి ఆనవాయితీ. పరాయి నేలకు వచ్చి తమ వంటను వదులుకోకుండా, ఇక్కడి వంటను కాదనకుండా కలుపుకున్న ఆ పళ్లెం మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ ఉంది. సాస్ మన నాలుకకు కొంచెం చప్పగా ఉంటుంది, కోడి మాత్రం అద్భుతం. ఏటా ఆగస్టులో ద్రాక్ష ఉత్సవం జరుగుతుంది, అక్కడ ఊరివారే చేసి వడ్డించే స్పగెట్టీ భోజనం ఉంటుంది. ఈసారి కెమెరాతో వెళ్లి, ఆ భోజనం ఎలా ఉందో మీకు ఇదే విధంగా చెబుతాను. శాకాహారులకు అక్కడ ఏమి దొరుకుతుందో కూడా వంటశాలలోనే అడిగి కనుక్కుని వస్తాను.