కోరింగ కాలువల్లో చేపలు ఎప్పుడెందుకు మారతాయి?

(దృశ్యం: మడ చెట్ల మధ్య చెక్క వంతెన. కింద బురద.)

కోరింగ వెళ్లినవాళ్లు చెట్లు చూసి, బోటెక్కి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఇవాళ మనం నీళ్లలోకి చూద్దాం. గోదావరి గౌతమి పాయ సముద్రంలో కలిసే చోట సుమారు 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యమిది. ఇదే కాలువలో మేలో పడ్డ చేపలు ఆగస్టులో పడవు. కారణం చాలావరకు ఉప్పే. ఇక్కడ ఎండా చలీ అంతగా కాదు, నీళ్లలో ఉప్పు శాతం విపరీతంగా మారుతుంది.

(దృశ్యం: ఎండాకాలం, ధవళేశ్వరం బ్యారేజీ.)

ఏప్రిల్, మే నెలల్లో గోదావరి నీళ్లు చాలావరకు బ్యారేజీ దగ్గరే ఆగిపోతాయి. దిగువన పోటుకు ఎక్కి పాటుకు దిగేది సముద్రపు నీళ్లే. వాటితోపాటు సముద్రపు చేపలూ కాలువల్లో పైదాకా వచ్చేస్తాయి.

(దృశ్యం: ఎర్రనీరు, యానాం.)

జులైలో వరద రాగానే లెక్క తారుమారు. ఉప్పు పడిపోతుంది, సముద్రపు చేపలు వెనక్కి తగ్గుతాయి. అందరూ పులస గురించే అడుగుతారు గానీ, నిజానికి దానికి మడ అడవితో పెద్దగా పనిలేదు. గుడ్లు పెట్టడానికి ఎర్రనీటికి ఎదురీదుతూ పైకి పోతుంది, అంతే. నాకు అంతకన్నా ఆసక్తి పండుగప్ప మీద. దాని దారి సరిగ్గా రివర్స్: మంచినీళ్లలో, కాలువల్లో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఉప్పునీళ్లున్న మొగ వైపు, అంటే నది సముద్రంలో కలిసే చోటికి, దిగుతుంది. ఇంకో విచిత్రం, చాలా పండుగప్పలు మొదట మగవి, కొన్నేళ్లకు ఆడవిగా మారతాయి! వాటి పిల్లలు పోటు మీద మళ్లీ మడ కాలువల్లోకి చేరతాయి.

ఎందుకిక్కడికే? పాటు సమయంలో వంతెన మీంచి కిందకి చూడండి. బురదలోంచి పెన్సిళ్లలా నిలబడ్డ నల్లమడ వేళ్లు కనిపిస్తాయి. పోటొచ్చి అవి మునిగాక, ఆ సందుల్లోకి పెద్ద చేప దూరలేదు, వేలెడంత పిల్ల దూరుతుంది. పైగా రాలిన ఆకు కుళ్లి సన్నపురుగులకు మేత, ఆ పురుగులు పిల్లలకు మేత.

(దృశ్యం: గ్లాసులో చీరమేను, దగ్గరగా.)

వరద తగ్గి అక్టోబరు, నవంబరు వచ్చేసరికి ఉప్పు మెల్లగా పెరుగుతుంది. దసరా దాటాక యానాం చుట్టుపక్కల చీరమేను దిగుతుంది. అద్దంలాంటి ఒళ్లు, రెండు నల్లచుక్కలు కళ్లు. ఇవి ఎదగాల్సిన చేప పిల్లలు. ఒక్క గ్లాసులోనే లెక్కపెట్టలేనన్ని. కార్తీకమాసంలో కూడా వీటికోసం ఎగబడేవాళ్లను వద్దనే ధైర్యం నాకు లేదు. కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట ఆపుతున్నప్పుడు, మొగ దగ్గర ఈ పిల్లల వేటకీ కొన్ని రోజులు సెలవిస్తే బాగుంటుందని నా అభిప్రాయం.