ప్రాసెసర్ మూతకూ కూలర్‌కూ మధ్య ఉన్న ఆ సన్నని పొర

(తెరపై: కంప్యూటర్ ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్, అప్పుడే ఊడదీసిన దాని అడుగు భాగం. దానికి అంటుకున్న బూడిద రంగు పేస్టు మీదికి కెమెరా నెమ్మదిగా వస్తుంది.)

ఈ మరకను ఒక నిమిషం జాగ్రత్తగా చూడండి. అంచుల దగ్గర పేస్టు దాదాపు లేదు, కింద ఉన్న లోహం బయటపడింది. నడుమ మాత్రం మందంగా పేరుకుని ఉంది. చాలామంది దీన్ని గుడ్డతో తుడిచేసి కొత్త పేస్టు పూసేస్తారు. తుడిచే ముందు దీన్ని చదవాలి. కూలర్ అడుగు, ప్రాసెసర్ పైనున్న మూత అనే ఈ రెండు లోహపు ముఖాలు అంచుల దగ్గర కలిశాయి, నడుమ కలవలేదు. ప్రాసెసర్‌లో వేడి పుట్టే సిలికాన్ చిప్పు ఉండేదేమో సాధారణంగా ఆ నడుమ భాగం కిందనే.

ఎంత నున్నగా కనిపించే లోహమైనా సూక్ష్మదర్శినిలో గుట్టలు, గుంతలే. రెండు ముఖాలను ఒకదానిపై ఒకటి పెడితే గుట్టలు తాకుతాయి, గుంతల్లో గాలి మిగులుతుంది. మీటరుకు, కెల్విన్‌కు ఇన్ని వాట్లు అనే కొలతలో రాగి ఉష్ణవాహకత సుమారు 400. గాలిది 0.026. అంటే తేడా 15 వేల రెట్లు. ఆ గాలిని వెళ్లగొట్టడానికే పేస్టు. అయితే పేస్టు కూడా గొప్ప వాహకమేమీ కాదు. దాని విలువ చాలావరకు ఒకే అంకెలో ఉంటుంది, మంచిదైతే పది దాకా వెళ్తుంది. గాలికంటే ఎంతో నయం, రాగి ముందు ఎంతో తక్కువ. కాబట్టి అది గుంతలు నిండేంత ఉంటే చాలు, అంతకు మించిన ప్రతి మైక్రానూ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) వేడికి అడ్డమే.

(తెరపై: లెక్క ఒక్కో వరుసగా కనబడుతుంది.)

ఒక చిన్న లెక్క వేద్దాం. 150 వాట్ల వేడి 2 చదరపు సెంటీమీటర్ల మేర దాటాలి అనుకోండి. పేస్టు వాహకత 5, పొర మందం 100 మైక్రాన్లు. ఆ పొర ఒక్కదాని దగ్గరే ఉష్ణోగ్రత 15 డిగ్రీలు పెరుగుతుంది. రెట్టింపు వాహకత ఉన్న ఖరీదైన పేస్టు వాడితే అది 7.5 డిగ్రీలకు దిగుతుంది. పాత పేస్టే ఉంచి పొరను 50 మైక్రాన్లకు తగ్గించినా వచ్చేది అదే 7.5. నిజానికి రాగి మూతలో వేడి పక్కలకు కూడా పరుచుకుంటుంది కాబట్టి అసలు తేడా ఇంతకంటే చిన్నది. కానీ ఈ లెక్క చెప్పే విషయం మారదు: మందానికీ వాహకతకూ సమానమైన విలువ ఉంది. మనం మాత్రం పేస్టు డబ్బా మీది అంకెనే చూస్తాం.

పొరను పలచన చేయడానికి ఒక మార్గం ల్యాపింగ్. అంటే గరుకు కాగితంతో లోహపు ముఖాన్ని చదునుగా అరగదీయడం. అయితే కాగితం చేతిలోకి తీసుకునే ముందు అవసరం ఉందో లేదో తేల్చుకోండి. కొత్త బ్లేడు అంచును ప్రాసెసర్ మూత మీద నిలువుగా ఆనించి, వెనక నుంచి దీపం వేయండి. వెలుతురు ఎక్కడ తొంగిచూస్తే అక్కడ పల్లం. అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకు చూడండి. కూలర్ అడుగునూ అలాగే చూడండి. కొన్ని కూలర్ల అడుగును కావాలనే కొద్దిగా ఉబ్బెత్తుగా చేస్తారు. మూత పల్లంగా, అడుగు ఉబ్బుగా ఉండి రెండూ ఒకదానికొకటి సరిపోతున్నప్పుడు ఒకదాన్నే చదును చేస్తే ఉన్న పొందిక కూడా పోతుంది.

మరొక సంగతి. 2021లో వచ్చిన ఇంటెల్ పన్నెండో తరం ప్రాసెసర్ల సాకెట్‌లో, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూటిలో, బిగింపు పట్టీ మూతను నడుమ రెండు వైపులా నొక్కుతుంది. ప్రాసెసర్ పొడవుగా ఉండటం వల్ల ఆ ఒత్తిడికి కొద్దిగా వంగుతుంది. అక్కడ సమస్య మూతది కాదు, పట్టీది. ఒత్తిడిని అంచుల పొడవునా పంచే ఫ్రేము బిగిస్తే చాలు, అరగదీత అక్కర్లేదు.

(తెరపై: గాజు పలక మీద పరిచిన గరుకు కాగితం.)

అవసరమని తేలితే, మందపాటి గాజు పలక తీసుకోండి. కిటికీ గాజును కరిగిన తగరం మీద తేల్చి తయారుచేస్తారు, అందుకే అది అంత చదునుగా ఉంటుంది. దాని మీద 400 నంబరు కాగితాన్ని ముడత లేకుండా అతికించండి. ప్రాసెసర్ అడుగున ఉన్న కాంటాక్టులను లేదా పిన్నులను పూర్తిగా కప్పండి. మూత మీద మార్కరుతో అడ్డగీతలు, నిలువుగీతలు గీయండి. ఇక చేతి బరువు మాత్రమే పడేలా, ఒకే దిశలో పది సార్లు లాగి, తొంభై డిగ్రీలు తిప్పి మళ్లీ పది సార్లు. గీతలు ఎక్కడ చెరిగితే అక్కడ మెట్ట, ఎక్కడ మిగిలితే అక్కడ పల్లం.

నాకు ఈ పనిలో ఎంతో ఇష్టమైన ఘట్టం ఇదే. మూత రాగిదే అయినా పైన నికెల్ పూత ఉంటుంది. అరుగుతున్న కొద్దీ వెండి రంగు కింద నుంచి రాగి ఎరుపు పైకి వస్తుంది. పల్లంగా ఉన్న మూతలో ముందు నాలుగు మూలలూ ఎర్రబడతాయి, నడుమ వెండి ద్వీపం ఒకటి మిగులుతుంది. అది కుంచించుకుపోయి మాయమయ్యేదాకా ఓపిక పట్టాలి. తొందరపడి వేళ్లతో ఒక పక్క ఎక్కువ నొక్కితే అంచులు గుండ్రబడతాయి. మొదటిసారి నేను చేసిన తప్పు అదే. దాన్ని సరిచేయడానికి ఇంకో గంట అరగదీయాల్సి వచ్చింది.

తర్వాత ఇంకా సన్నవైన 600, 800, 1000 నంబర్ల కాగితాలు. అక్కడ ఆగవచ్చు. అద్దంలా మెరిసేదాకా వెళ్లే వీడియోలు చూడటానికి బాగుంటాయి, కానీ ఆ సన్న గీతల్ని పేస్టు ఎలాగూ నింపుతుంది. కావలసింది చదును, మెరుపు కాదు. నికెల్, రాగి పొడిని పీల్చవద్దు, మాస్కు పెట్టుకోండి. రాగి పొడి విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కాబట్టి చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో అణువణువూ తుడవాలి. మూత మీది అచ్చు అక్షరాలు చెరిగిపోతాయి, వారంటీ పోతుంది. వేడిని మోసుకెళ్లే గొట్టాలు (హీట్ పైపులు) నేరుగా అడుగున కనిపించే కూలర్లను మాత్రం అరగదీయకండి. గొట్టం గోడ పలచన. చిల్లు పడిందంటే అది ఇక పనికిరాదు. మూత లేని ల్యాప్‌టాప్ చిప్పుల జోలికి అసలు వెళ్లవద్దు.

ఇక పేస్టు. బఠానీ గింజంత నడుమ పెట్టి, కూలర్‌ను ఎదురెదురు మూలల స్క్రూలు కొద్దికొద్దిగా బిగిస్తూ నొక్కండి. పెద్ద మూతలకు నడుమ ఒక్క చుక్క చాలదు, గుణకారపు గుర్తు ఆకారంలో పెట్టండి. మరీ పలచని పేస్టు వేడెక్కి చల్లారే ప్రతిసారీ కొంచెం కొంచెంగా పక్కలకు జారిపోతుంది. కొన్నేళ్లు ముట్టుకోకుండా వదిలేసే యంత్రానికి చిక్కటి పేస్టు గానీ, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి పరుచుకునే షీటు గానీ మేలు. గాలియం కలిసిన ద్రవలోహం వీటన్నిటికంటే చాలా మంచి వాహకం. కానీ అది అల్యూమినియాన్ని తినేస్తుంది, బోర్డు మీద ఒక్క బొట్టు పడినా షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

(తెరపై: రెండు గ్రాఫులు పక్కపక్కన.)

ఫలితాన్ని కొలిచేటప్పుడు గది ఉష్ణోగ్రతను తీసివేసి మిగిలిన తేడానే రాసుకోండి. ప్రాసెసర్ మీద అదే పనిభారం, అదే ఫ్యాను వేగం, ముందూ తర్వాతా అరగంట చొప్పున. 2022లో వచ్చిన ఏఎండీ రైజెన్ 7000 వంటి ప్రాసెసర్లు పూర్తి భారంలో 95 డిగ్రీల దాకా వెళ్లేలా రూపొందినవే. చల్లదనం పెరిగితే అవి ఆ వెసులుబాటును అదనపు వేగం కోసం వాడుకుంటాయి. ఇంత కష్టపడ్డాక కూడా అదే 95 కనిపించిందని నిరాశ పడేముందు పక్కనే ఉన్న, ప్రాసెసర్ వేగాన్ని చూపే గిగాహెర్ట్జ్ అంకె చూడండి. డిగ్రీల్లోనే తేడా చూడాలంటే కంప్యూటర్ ప్రాథమిక సెట్టింగులుండే బయోస్‌లో వాట్ల పరిమితిని ఒకచోట స్థిరపరచి మళ్లీ కొలవండి.