పట్టా చదవగల కూతురు

(ఒడిశాలోని పర్లాకిమిడిలో స్వయం సహాయక సంఘాల మహిళలు, హైస్కూలు విద్యార్థినుల సభలో ఒక మహిళా న్యాయవాది ప్రసంగ పాఠం)

అమ్మలకు, అక్కచెల్లెళ్ళకు, ముందు వరుసలో కూర్చున్న ఆడపిల్లలకు నమస్కారం.

ఆడపిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. చదువు మంచిదని మీకు చెప్పనక్కరలేదు. కూలి డబ్బుల్లోంచి ట్యూషన్ ఫీజు కడుతున్న తల్లులు ఇక్కడే ఉన్నారు. నేను అడగదలచింది ఒక్కటే. మీ ఇంటి భూమి పట్టాను మీ ఇంట్లో ఏ ఆడమనిషి చదవగలదు?

మన దగ్గర పట్టా ఒడియా లిపిలో ఉంటుంది. మన తెలుగు ఇళ్ళలో చాలామంది పెద్దవాళ్ళు ఒడియా ధారాళంగా మాట్లాడతారు, చదవలేరు. హక్కు జారిపోయేది సరిగ్గా అక్కడే. తండ్రి దినకర్మలు ముగిసీ ముగియకముందే కూతురి ముందు కాగితం పెడతారు. "పట్టాలో పేరు మార్చాలమ్మా, ఇక్కడ సంతకం పెట్టు" అంటారు. అది పేరు మార్పు దరఖాస్తో, తన వాటా వదులుకున్నట్టు రాసిన విడుదల పత్రమో ఆమెకు తెలియదు. పసుపు కుంకుమలతో ఒక చీర పెట్టి సాగనంపుతారు. ఏళ్ళ తరువాత ఆ పత్రం నకలు పట్టుకుని నా దగ్గరకు వచ్చినవాళ్ళలో డిగ్రీ చదివిన ఆడవాళ్ళూ ఉన్నారు. రిజిస్టరైన పత్రాన్ని కోర్టులో రద్దు చేయించడం మామూలు పని కాదు. ఆ కాగితం చదివి వినిపించేవాళ్ళు ఆ రోజు పక్కన ఒక్కరు ఉంటే చాలు, ఇంత దూరం వచ్చేది కాదు.

చట్టం ఏం చెబుతోందో వినండి. సరిహద్దుకు అవతల పాతపట్నం ఉంది. ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన చట్టం అక్కడి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచే వర్తించింది. ఒడిశా అలాంటి చట్టం చేయలేదు. 2005 సెప్టెంబరు 9న కేంద్రం చేసిన హిందూ వారసత్వ చట్ట సవరణ అమలులోకి వచ్చేదాకా ఇక్కడి ఆడపిల్ల ఆగవలసి వచ్చింది. ఒకే భాష, ఒకే కులం, ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరు అక్కచెల్లెళ్ళ బిడ్డల మధ్య ఇరవై ఏళ్ళ తేడా! ఇప్పటికీ నాకు కోపం తెప్పించే విషయం ఇది.

ఇప్పుడు ఆ తేడా లేదు. పెళ్ళయినా కాకపోయినా కూతురికి హక్కు ఉంది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న వాదన చాలాకాలం నడిచింది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా జరిగిపోయిన పంపకాలను తిరగదోడలేం. తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తిని ఆయన వీలునామాతో ఎవరికైనా ఇవ్వవచ్చు. వీలునామా లేకపోతే కూతురికీ కొడుకుకీ సమాన వాటా. ఇక్కడ సవర తెగ అక్కచెల్లెళ్ళు కూడా ఉన్నారు. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు నేరుగా వర్తించదు. చట్టం అందరికంటే ముందు చేరవలసినవారి దగ్గరే ఇలా ఆగిపోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

"అన్నదమ్ములతో తగువు పెట్టుకుంటే పుట్టింటి గడప మూసుకుపోదా?" అని మీరు అడుగుతారు. ఆ భయం నాకు తెలుసు. తెలిసి, ఇష్టపడి వాటా వదులుకుంటే అది మీ నిర్ణయం, ఎవరూ తప్పుపట్టలేరు. తెలియకుండా తీసుకున్న సంతకాన్ని మాత్రం ప్రేమ అనకండి.

మన పిల్లల్ని సరిహద్దు దాటించి పెళ్ళిళ్ళు చేస్తాం. అత్తవారింట్లో హింస భరించలేక పుట్టింటికి వచ్చేసిన అమ్మాయిని "అది ఆంధ్రా కేసు, అక్కడికే వెళ్ళు" అంటే నమ్మవద్దు. తలదాచుకున్న చోటే ఫిర్యాదు చేయవచ్చని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. గృహహింస చట్టం కింద కూడా ఆమె ఉంటున్న ఊరి మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

అమ్మాయిలూ, ఇక మీతో. ఉచిత నిర్బంధ విద్య చట్టం పద్నాలుగేళ్ళతో ఆగిపోతుంది. పెళ్ళికి పద్దెనిమిది నిండాలి. ఆ నాలుగేళ్ళలోనే బడి మాన్పించి సంబంధాలు చూస్తారు. అలాంటి మాట ఇంట్లో వినిపిస్తే పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయండి, స్నేహితురాలి కోసమైనా సరే. పెళ్ళి జరిగిపోయినా ఇరవై ఏళ్ళు నిండేలోగా కోర్టుకు వెళ్ళి దాన్ని రద్దు చేయించుకోవచ్చు.

గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, సొంత డబ్బుతో బడులు పెట్టారు. అర్థమయ్యే భాషలో చదువు అందాలన్న ఆయన పట్టుదల చట్టానికీ వర్తించాలి. ఇంట్లో తెలుగు నిలుపుకోండి, దానితో పాటు ఒడియా లిపినీ గట్టిగా నేర్చుకోండి. ఎనిమిదో తరగతి అమ్మాయి పట్టాలో తాత పేరు, ఖాతా నంబరు, ప్లాట్ నంబరు, విస్తీర్ణం చదవగలిగితే ఆ ఇంట్లో అమ్మను మోసం చేయడం కష్టం. ఒడిశా భూమి రికార్డులు భూలేఖ్ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ఎవరి అనుమతీ అక్కరలేదు.

లాయరు ఫీజు గురించి భయపడకండి. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. న్యాయ సహాయ ఫోను నంబరు 15100కి ఫోను చేసినా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెల్ల కాగితం మీద దరఖాస్తు ఇచ్చినా సరిపోతుంది.

పట్టా నకళ్ళు తెచ్చినవాళ్ళు సభ అయ్యాక ఇక్కడే ఉండండి. ఒడియా చదవడం వచ్చిన పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో అమ్మ పక్కన కూర్చుని పైకి చదవండి. అనుమానం వచ్చిన చోట నన్ను పిలవండి, సాయంత్రం వరకు ఉంటాను.