కంట్లో దొరికిన ఆచూకీ, ముసలి మెదడు దాకా

అందరికీ నమస్కారమండి. మెదడు గురించి మాట్లాడమని పిలిచారు, నేనేమో కంటి దగ్గర మొదలుపెడుతున్నా, ఎందుకంటే రెటీనా, అంటే కంటి లోపల వెనకవైపు వెలుతురుని పట్టే పొర, అసలు మెదడులో భాగమే, పిండం పెరిగేటప్పుడు మెదడు నుంచే బయటికి పొడుచుకొస్తుంది, పది లక్షలకు పైగా తీగలున్న కంటి నరం రెండిటినీ కలిపే ఉంచుతుంది.

ఈ సంగతిని బాగా వాడుకున్న మనిషి స్టాన్‌ఫర్డ్ న్యూరోసైంటిస్ట్ బెన్ బారెస్. 2017లో క్యాన్సర్‌తో పోయారు. ముందు న్యూరాలజీ డాక్టరుగా చేశారు, జబ్బు చేసిన మెదడు స్లయిడ్లు చూస్తే న్యూరాన్ల చుట్టూ ఉండే గ్లియా కణాలు వింతగా మారి కనిపించేవి, అప్పట్లో వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు, సందులు నింపే సరుకు అన్నట్టు చూసేవాళ్ళు, ఈయన మాత్రం అదే పట్టుకుని మళ్ళీ పీహెచ్‌డీలో చేరారు. ఇంకోటి చెప్పాలి, ఆయన ట్రాన్స్ మనిషి, 1997లో మగవాడిగా మారారు. ఆ తర్వాత ఒక సెమినార్ అయ్యాక ఎవరో ఈయన రీసెర్చ్ వాళ్ళ అక్కదో చెల్లిదో కన్నా చాలా బావుందని మెచ్చుకున్నారట, ఆ అక్కాచెల్లీ ఎవరూ లేరు, అదీ ఈయన పనే!

సరే, అసలు ప్రయోగం. ఎలుక రెటీనాలోంచి గాంగ్లియాన్ కణాలు, అంటే కన్ను చూసింది మెదడుకి పంపే న్యూరాన్లు, అవి మాత్రమే కావాలి. గిన్నె అడుగున ఆ కణాలనే పట్టుకునే యాంటీబాడీ పూసి కణాలు కలిసిన ద్రవం పోస్తే కావలసినవి అడుగున అతుక్కుంటాయి, మిగతావి కడిగేస్తారు. అలా ఏరిన న్యూరాన్లని ఒంటరిగా పెంచితే బతుకుతాయి గానీ వాటి మధ్య సినాప్స్‌లు, అంటే కనెక్షన్లు, అంతంతమాత్రమే. ఆస్ట్రోసైట్లనే గ్లియాని తోడు పెడితే ఎన్నో రెట్లు పెరిగాయి.

మరి ఆ తోడు వల్ల న్యూరాన్ లోపల ఏ జీన్ మారుతోంది? ఆయన ల్యాబ్‌లో బెత్ స్టీవెన్స్ వెతికితే సీ1క్యూ తేలింది, రక్తంలో క్రిములకి గుర్తు పెట్టి తినేయించే కాంప్లిమెంట్ వ్యవస్థలో మొదటి ప్రోటీన్ అది. దానికి మెదడులో ఏం పని? చేలో ఒత్తుగా మొలిస్తే కొన్ని మొక్కలు పీకేస్తాం చూడండి, పసి మెదడులోనూ సినాప్స్‌లు ఎక్కువగా పుడతాయి, అక్కర్లేనివాటి మీద ఈ గుర్తు పడుతుంది, మైక్రోగ్లియా, అంటే మెదడులో చెత్త ఊడ్చే కణాలు, వచ్చి మింగేస్తాయి. సీ1క్యూ లేని ఎలుకల్లో ఆ అదనపు కనెక్షన్లు చాలావరకు అలాగే ఉండిపోయాయి.

నాకు బాగా నచ్చేది ఈ సీ1క్యూ సంగతి బయటపెట్టిన 2007 పేపర్ చివర్లో ఉంది. గ్లకోమా, అదే మనం నీటికాసులంటామే, అది వచ్చే పెద్ద ఎలుకల రెటీనా చూస్తే, ఎప్పుడో ఆగిపోవాల్సిన ఆ గుర్తు మళ్ళీ సినాప్స్‌ల మీద పడింది, అదీ కణాలు చావకముందే. అంటే మనిషికి చూపు తగ్గిందని తెలిసేలోపే లోపల కత్తిరింపు మొదలై ఉండొచ్చన్నమాట.

2013లో అదే ల్యాబ్ వయసు మీదపడ్డ మెదళ్ళు చూసింది. ఏ జబ్బూ లేకపోయినా సీ1క్యూ 300 రెట్ల దాకా పెరిగి కనిపించింది. విచిత్రమేంటంటే సినాప్స్‌లు పెద్దగా రాలిపోలేదు, గుర్తు మాత్రం సిద్ధంగా ఉంది. సీ1క్యూ లేని ముసలి ఎలుకలు కొన్ని జ్ఞాపకశక్తి పరీక్షల్లో మెరుగ్గానే చేశాయి. 2016లో స్టీవెన్స్ సొంత టీం అల్జీమర్స్ ఎలుకల్లో ఫలకాలు, అంటే ఆ జబ్బులో మెదడులో పేరుకునే ప్రోటీన్ ముద్దలు, కట్టకముందే ఈ మింగుడు మొదలైందని చూపించింది. ఎలుకల్లో, ఈ మాట మర్చిపోవద్దు, అల్జీమర్స్‌కి దీంతో మందు వచ్చేసిందని వాట్సాప్‌లో ఎవరైనా పంపితే నమ్మకండి.

కంట్లో మాత్రం సంగతి మందుల దాకా వచ్చింది. వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా నడిమి భాగం) జబ్బుకీ కాంప్లిమెంట్‌ని అదుపులో ఉంచే ఒక జీన్‌కీ సంబంధం ఉందని 2005లోనే తేలింది. ఆ జబ్బులో ముదిరిన ఎండు రకానికి 2023లో అమెరికా రెండు కాంప్లిమెంట్ మందులకి పర్మిషన్ ఇచ్చింది, నేరుగా కంట్లోకి ఇంజెక్షన్. అవి రెటీనాలో కణాలు చచ్చిపోయిన మచ్చ పెరగడాన్ని నెమ్మదింపజేస్తాయంతే, పోయిన చూపు తేవు. బారెస్ ఇంకొకరితో కలిసి మొదలుపెట్టిన కంపెనీ సీ1క్యూనే ఆపే మందు పరీక్షిస్తే తిరకాసుగా వచ్చింది, మచ్చ పెరగడం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు, కానీ చార్టు మీద ముందు చదివిన అక్షరాల్లో పదిహేను, అంతకన్నా ఎక్కువ చదవలేకపోయినవాళ్ళు మందు తీసుకున్నవాళ్ళలో తక్కువ. నన్నడిగితే పేషెంటుకి కావాల్సింది ఆ రెండోదే, పెద్ద ట్రయల్‌లోనూ అదే నిలబడాలి. ఇక ప్రశ్నలు అడగండి, వెనక వరసవాళ్ళకి మైకు ఇవ్వండి ముందు.